పొరకు ఇవతల మిగిలేది: మురుగునీటి శుద్ధిలో మెంబ్రేన్ల గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం. వినేవారిలో సగం మంది ఇంజినీరింగు విద్యార్థులు, సగం మంది ఊరి పెద్దలు ఉంటారని నిర్వాహకులు ముందే చెప్పారు కాబట్టి, ఇద్దరికీ తెలిసిన చోటునుంచే మొదలుపెడతాను. మన ఇళ్లలో వంటగది గోడకు వేలాడే ఆర్వో యంత్రానికి నీటిని లోపలికి తెచ్చే గొట్టం ఒకటి ఉంటుంది, మంచినీటిని తొట్టెలోకి పంపే గొట్టం ఇంకొకటి ఉంటుంది. ఈ రెండూ కాక సన్నని మూడో గొట్టం సింకులోకి దిగి ఉంటుంది. యంత్రం అమ్మడానికి వచ్చినవాడు మొదటి రెండింటి గురించి అరగంట చెబుతాడు, మూడోదాన్ని మాత్రం మాట్లాడకుండా బిగించి వెళ్లిపోతాడు. ఒక లీటరు తాగునీరు తయారయ్యేసరికి ఆ గొట్టంలోంచి సాధారణంగా రెండు మూడు లీటర్లు పోతాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఈ గొట్టం మీదనే దృష్టి పెట్టి, లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ లవణాలున్న నీటికి ఆర్వో యంత్రాలను నిషేధించాలనీ, వాడేచోట కనీసం 60 శాతం నీరు తిరిగి దక్కేలా చూడాలనీ పర్యావరణ మంత్రిత్వ శాఖను ఆదేశించింది. వంటగదిలో ఇది బకెట్ల లెక్క. కర్మాగారాల మురుగునీటి దగ్గరకు వచ్చేసరికి ఇదే టన్నుల లెక్క అవుతుంది. నేను మాట్లాడబోయేది ప్రధానంగా ఆ మూడో గొట్టం గురించే.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. శుద్ధి అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాము. మురుగునీటిని గాలి పంపే తొట్టెలో ఉంచితే బాక్టీరియా అందులోని సేంద్రియ పదార్థాన్ని తిని, కొంత భాగాన్ని కార్బన్ డయాక్సైడుగా గాలిలోకి వదిలి, మిగిలినదానితో తమ శరీరాలను పెంచుకుంటాయి. అంటే అక్కడ మలినం నిజంగానే రూపం మారిపోతుంది. మెంబ్రేన్, అంటే ఆర్వో వంటి యంత్రాల్లో ఉండే పలుచని పొర, అలాంటి పనేదీ చేయదు. అది నీటిని ఒక పక్కకు, నీటిలో ఉన్నవాటిని మరో పక్కకు విడదీస్తుంది. లోపలికి ఎన్ని కిలోల ఉప్పు వెళ్లిందో, రెండు గొట్టాల్లోనూ కలిపి అన్ని కిలోల ఉప్పే బయటికి వస్తుంది. ఇంత సులువైన సంగతిని మరిచిపోయి వేసిన పథకాలను నా ఉద్యోగ జీవితంలో చాలానే చూశాను.

పొర సంగతి కొత్తదేమీ కాదు. 1748లో నోలే అనే ఫ్రెంచి మతగురువు, సారాయి నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొరను బిగించి నీటిలో ముంచితే, నీరు పొరను దాటి లోపలికి చొరబడి పొర ఉబ్బిపోవడాన్ని గమనించాడు. మన పాఠ్యపుస్తకాల్లో ద్రవాభిసరణం పేరుతో చదువుకున్నది ఇదే: అర్ధ పారగమ్య పొరకు అటూ ఇటూ వేర్వేరు గాఢతలున్న ద్రావణాలు ఉంటే, నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు తనంత తానే పోతుంది. చిక్కని వైపున తగినంత ఒత్తిడి పెడితే ఆ ప్రవాహం ఆగుతుంది, ఇంకా ఎక్కువ పెడితే వెనక్కి తిరుగుతుంది; ఆర్వో, అంటే రివర్స్ ఆస్మోసిస్, ఇదే. సముద్రపు నీటి విషయంలో ఆగడానికే వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్లు కావాలి. సిద్ధాంతం అందరికీ తెలిసినా, ఉప్పును ఆపుతూ ఉపయోగపడేంత వేగంగా నీటిని వదిలే పొర మాత్రం 1950ల చివరిదాకా ఎవరికీ దొరకలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేటుతో తయారుచేసిన పొరలో, పైన అతి పలుచని బిగువైన చర్మం, దాని కింద బోలుగా ఉండే ఆధారం ఉండటం వల్ల నీటి ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. 1965లో కోలింగా అనే చిన్న ఊరిలో ఆ పొరతోనే ఉప్పునీటి నుంచి తాగునీరు తీయడం మొదలైంది. తరువాత జాన్ కెడాట్ రూపొందించిన పాలిఎమైడ్ పొర వచ్చి దాని స్థానాన్ని తీసుకుంది. ఇప్పుడు మన వంటగదిలో ఉన్నదీ, పెద్ద ప్లాంట్లలో ఉన్నదీ ఆ జాతి పొరే. అందులో అసలు పని చేసే భాగపు మందం మన తలవెంట్రుక మందాన్ని మూడు వందల భాగాలు చేస్తే అందులో సుమారు ఒక భాగం. ఎనిమిది అంగుళాల వ్యాసం, నలభై అంగుళాల పొడవు ఉన్న ఒక్క గొట్టంలో అలాంటి పొరను నాలుగు వందల చదరపు అడుగుల దాకా చాపలా చుట్టి పెడతారు.

మెంబ్రేన్లను రంధ్రాల పరిమాణాన్ని బట్టి నాలుగు రకాలుగా చెబుతారు. మైక్రోఫిల్ట్రేషన్ పొర బాక్టీరియాను ఆపుతుంది, అల్ట్రాఫిల్ట్రేషన్ పొర వైరస్‌లలో ఎక్కువ భాగాన్ని కూడా ఆపుతుంది, నానోఫిల్ట్రేషన్ పొర రంగులను, కాల్షియం, సల్ఫేటు వంటివాటిని ఆపి మామూలు ఉప్పును చాలావరకు వదిలేస్తుంది, ఆర్వో పొర ఆ ఉప్పును కూడా ఆపుతుంది. మొదటి రెండింటిని జల్లెడతో పోల్చవచ్చు. ఆర్వోను మాత్రం జల్లెడ అనడం తప్పు, ఎందుకంటే దానిలో చెప్పుకోదగ్గ రంధ్రాలే ఉండవు. నీటి అణువులు ఆ ప్లాస్టిక్ పొరలో కరిగి, దాని గుండా జరిగి, అవతలి పక్కన బయటపడతాయి. ఈ తేడా పుస్తకాల్లో మాత్రమే పనికొచ్చేది కాదు. విద్యుదావేశం లేని చిన్న అణువులు, ఉదాహరణకు మిథనాల్, నీటిలాగే పొరలో కరిగి దాటిపోతాయి. 2000 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో, ఆర్వో దాటి వచ్చిన మురుగునీటిలో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక పదార్థం కనిపించింది. అప్పటినుంచి అక్కడ ఆర్వో తరువాత హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి, అతినీలలోహిత కాంతిని పంపి, దాటివచ్చిన ఆ చిన్న అణువులను విరగ్గొడుతున్నారు.

నగరాల మురుగునీటిలో ఈ పొరలను నేరుగా వాడలేము. పొర మీద మొదట జిగురు చేరుతుంది, జిగురు మీద బాక్టీరియా కాపురం పెడుతుంది, నీరు చిక్కబడే కొద్దీ కాల్షియం, సిలికా పెచ్చులుగా కడతాయి. ప్లాంటువాళ్లు మొదటిదాన్ని ఫౌలింగ్ అనీ, చివరిదాన్ని స్కేలింగ్ అనీ అంటారు. ఆమ్లంతో, క్షారంతో పొరను కడుగుతారు. బాక్టీరియాను చంపే క్లోరిన్‌ను ధారాళంగా పోద్దామంటే, పాలిఎమైడ్ పొర క్లోరిన్ తగిలితే చిల్లులు పడి పాడవుతుంది. అందుకే ఆర్వోకు ముందు మరో పొరను కాపలా పెడతారు. దానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఎంబీఆర్, అంటే బాక్టీరియా తొట్టెలోనే బోలు దారాల వంటి పొరలను ముంచి, లోపలినుంచి నీటిని మెల్లగా పీల్చే పద్ధతి. జపానులో కజువో యమమోతో, ఆయన సహచరులు 1989లో దీన్ని చూపించిన తరువాతనే ఇది చౌకగా సాధ్యమైంది. మామూలు పద్ధతిలో తొట్టెలో లీటరుకు మూడు నాలుగు గ్రాముల బాక్టీరియా ముద్ద ఉంటే, ఇందులో ఎనిమిది నుంచి పన్నెండు గ్రాముల దాకా పెంచుకోవచ్చు, బురద అడుగుకు దిగడానికి వేరే పెద్ద తొట్టె అక్కరలేదు, కాబట్టి స్థలం తక్కువ పడుతుంది. అపార్టుమెంట్లవాళ్లకు నచ్చేది ఇదే.

అయితే ఎంబీఆర్‌ను పాడుచేసేది రసాయనం కంటే ముందు తలవెంట్రుక. నేను చూసిన ఒక నివాస సముదాయపు ప్లాంటులో, ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్న జాలీని రోజూ కడగాల్సి వస్తోందని పనివాళ్లు దాన్ని తీసి పక్కన పెట్టారు. ఆరు నెలలకు తొట్టె ఖాళీ చేసి చూస్తే, దారాల పొరల చుట్టూ వెంట్రుకలూ గుడ్డపీచులూ కలిసి జడ అల్లినట్టు అల్లుకుపోయి ఉన్నాయి. అది నీటితో పోలేదు, రసాయనంతో పోలేదు. ఇద్దరు మనుషులు వారం రోజులు కూర్చుని చేత్తో తీశారు. లక్షల రూపాయల పొరను కాపాడేది ఆ వందల రూపాయల జాలీ అని వారికి ఎవరూ చెప్పలేదు.

ఇక మూడో గొట్టం దగ్గరకు వస్తాను. మురుగునీటిని పొరలతో తాగునీటి స్థాయికి తెచ్చిన చోట్లుగా ప్రపంచంలో అందరూ చెప్పే పేర్లు రెండు. ఒకటి నేను ఇంతకుముందు చెప్పిన ఆరెంజ్ కౌంటీ. అక్కడ 2008 జనవరిలో మొదలైన ప్లాంటు 2023 నాటికి రోజుకు 13 కోట్ల అమెరికన్ గాలన్ల, అంటే సుమారు 49 కోట్ల లీటర్ల స్థాయికి పెరిగింది. ఆ నీటిని భూగర్భంలోకి ఇంకించి, బావుల ద్వారా మళ్లీ తోడుకుంటారు. రెండోది సింగపూర్. మలేషియా నుంచి వచ్చే నీటి మీద ఆధారపడిన ఆ దేశం 1974లోనే ఒక ప్రయోగ ప్లాంటు కట్టి, పొరలు ఖరీదైనవీ నమ్మలేనివీ కావడంతో మూసేసింది. పాతికేళ్లు ఆగి, 2000లో బెడోక్‌లో మళ్లీ మొదలుపెట్టి, 2003 నుంచి న్యూవాటర్ పేరుతో సరఫరా చేస్తోంది. ఇప్పుడు దేశపు నీటి అవసరంలో 40 శాతం వరకు అదే తీర్చగలదు. అందులో ఎక్కువ భాగం కంప్యూటర్ చిప్పుల తయారీ వంటి పరిశ్రమలకు పోతుంది, కొద్ది భాగం జలాశయాల్లో కలుస్తుంది. మన అధికారులు, ఇంజినీర్లు ఈ రెండు చోట్లకూ వెళ్లి, గ్లాసులో నీళ్లు తాగి, ఫోటోలు దిగి వస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ రెండు చోట్లా మూడో గొట్టం చివర సముద్రం ఉంది. ఆరెంజ్ కౌంటీ ప్లాంటులో వంద లీటర్లలో 85 మంచినీరుగా దక్కితే, మిగిలిన 15 లీటర్ల రిజెక్ట్ ఐదు మైళ్ల పొడవున్న గొట్టం ద్వారా పసిఫిక్ మహాసముద్రంలోకి పోతుంది. ఇళ్ల మురుగునీటి నుంచి వచ్చిన రిజెక్టులోని ఉప్పు సముద్రానికి పరాయిది కాదు, సముద్రపు నీటికంటే చిక్కనిది కూడా కాదు.

సముద్రం లేని చోట ఇదే యంత్రాన్ని పెడితే ఏమవుతుందో చూడాలంటే తిరుప్పూర్ వెళ్లాలి. మన దేశపు అల్లిక దుస్తుల ఎగుమతిలో పెద్ద వాటా ఆ ఊరిది. నూలు బట్టకు రియాక్టివ్ రంగులు వేసేటప్పుడు రంగు నీటిలో లీటరుకు 40 నుంచి 80 గ్రాముల దాకా ఉప్పు వేస్తారు. నీటిలో ఉన్నప్పుడు నూలుకూ రంగుకూ ఒకే రకపు ఆవేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి, ఆ నెట్టుడును తగ్గించి రంగును దారం దగ్గరకు చేర్చడానికే ఉప్పు కావాలి. పని అయిపోయాక రంగులో ఎక్కువ భాగం బట్టలో ఉంటుంది, ఉప్పు మాత్రం ఒక్క గ్రాము కూడా బట్టతో పోదు. అంతా కాలువలోకి వస్తుంది. ఏడు వందలకు పైగా రంగుల యూనిట్ల నుంచి ఏళ్ల తరబడి ఆ ఉప్పు కావేరి ఉపనది అయిన నొయ్యల్‌లోకి పోయింది. సాగునీటి కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగునీటి చెరువుగా మారింది. దిగువనున్న రైతులు కోర్టుకు వెళ్లారు. బాక్టీరియా తొట్టెలు ఉప్పును తినలేవు కాబట్టి, నదిలోకి ఒక్క చుక్క కూడా వదలరాదని మద్రాసు హైకోర్టు 2006లో ఆదేశించింది. అది అమలు కాకపోవడంతో 2011 జనవరిలో యూనిట్లన్నిటినీ మూసివేయించింది.

జీరో లిక్విడ్ డిశ్చార్జి, అంటే ద్రవ వ్యర్థాన్ని అసలు బయటికి వదలకపోవడం, అనే మాట మన దేశంలో ఇంటింటి మాట అయింది ఆ తీర్పు తరువాతనే. మాట వినడానికి బాగుంటుంది కానీ, అందులో సున్నా అయ్యేది ద్రవం మాత్రమే. ఒక లెక్క చెబుతాను, విద్యార్థులు కాగితం మీద వేసుకోవచ్చు. రోజుకు వెయ్యి కిలోలీటర్ల నీరు, లీటరుకు 6 గ్రాముల ఉప్పుతో ప్లాంటుకు వస్తోందనుకుందాం. ఉప్పు మొత్తం 6 టన్నులు. ఆర్వోతో 85 శాతం నీటిని వెనక్కి తీసుకుంటే మిగిలే 150 కిలోలీటర్లలో ఉప్పు లీటరుకు 40 గ్రాములకు చేరుతుంది, అంటే సముద్రపు నీటిని దాటుతుంది. లీటరుకు 70 గ్రాముల దగ్గరకు వచ్చేసరికి మామూలు ఆర్వో పొరలు, పంపులు తట్టుకోగల ఒత్తిడి అయిపోతుంది, అక్కడినుంచి మరిగించడం తప్ప దారి లేదు. ఆర్వో ఒక కిలోలీటరు నీటిని వేరుచేయడానికి ఇలాంటి మురుగునీటి విషయంలో కొద్ది యూనిట్ల కరెంటు చాలు. అదే కిలోలీటరును ఆవిరి చేయాలంటే 600 యూనిట్లకు పైగా వేడి కావాలి. ఒక దశలో వచ్చిన ఆవిరితో తరువాతి దశను మరిగించే ఎంఈఈ యంత్రాలతో ఆ ఖర్చును మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గించుకోవచ్చు, అంతే. అందుకే ప్లాంటు ఖర్చులో సింహభాగం పొరల దగ్గర కాక, పొర వదిలేసిన ఆ చివరి 150 కిలోలీటర్ల దగ్గర ఉంటుంది. ఆదా చేసుకోవాలనుకునేవాడి కన్ను మొదట పడేది కూడా అక్కడే.

తిరుప్పూర్‌వాళ్లు ఈ లెక్కను మరో వైపునుంచి చూశారు, అది నాకు నచ్చిన సంగతి. రిజెక్టులో ఉన్నది తాము డబ్బు పెట్టి కొన్న ఉప్పే కదా, దాన్నే మళ్లీ రంగు తొట్టెలో వాడుకుంటే ఎలా ఉంటుందని ఆలోచించారు. రిజెక్టులోని రంగును, కాల్షియాన్ని తీసేసి, మిగిలిన ఉప్పునీటిని మరిగించకుండానే యూనిట్లకు తిరిగి పంపే పద్ధతిని అరుళ్‌పురంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం వంటి చోట్ల అమలుచేశారు. సోడియం సల్ఫేటు వాడేచోట ఇంకో వెసులుబాటు ఉంది: ఆ లవణం 32 డిగ్రీల దగ్గర నీటిలో బాగా కరుగుతుంది, నీటిని సున్నా డిగ్రీల దగ్గరకు చల్లబరిస్తే చాలావరకు స్ఫటికాలుగా బయటికి వచ్చేస్తుంది, కాబట్టి మిగతా లవణాలనుంచి దాన్ని విడిగా తీసుకోవచ్చు. రంగుల మేస్త్రీ మొదట ఒప్పుకోడు, తిరిగి వచ్చిన ఉప్పుతో షేడు మారుతుందంటాడు. నమూనా బట్ట ముక్కలు పక్కపక్కన పెట్టి చూపించాకనే ఒప్పుకుంటాడు. ఇంత చేసినా, ఏ పనికీ రాని మిశ్రమ లవణం కొంత మిగిలి, సంచుల్లో నిండి, షెడ్లలో పేరుకుంటూనే ఉంది.

ఇప్పుడు హైదరాబాదు శివారులోని మన పటాన్‌చెరు సంగతి. అక్కడి కాలుష్యం మీద సుప్రీంకోర్టులో 1990లోనే కేసు పడింది. అక్కడి వ్యర్థాలు చేరిన నక్కవాగు మంజీర నదిలో కలుస్తుందని తెలిసినవారికి అది ఎందుకు పెద్ద విషయమో వేరే చెప్పనక్కరలేదు. సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. 2009 నుంచి ఆ కేంద్రపు నీటిని 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా నగరపు మురుగు కాలువలోకి పంపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రంలో ఇళ్ల మురుగుతో కలిపి మూసీలోకి వదులుతున్నారు. ఉప్పు విషయంలో ఇది పలుచన చేయడమే తప్ప తీసివేయడం కాదు. అదే మందుల పరిశ్రమ విశాఖ దగ్గర పరవాడలో సముద్రానికి దగ్గరగా ఉంది కాబట్టి, అక్కడ శుద్ధిచేసిన నీటిని గొట్టంతో సముద్రంలోకి పంపగలుగుతున్నారు. పటాన్‌చెరుకు సముద్రం లేదు.

మందుల కంపెనీలో నీటిని మొదటే, టీడీఎస్‌ను అంటే అందులో కరిగి ఉన్న లవణాల వంటి పదార్థాల మొత్తాన్ని బట్టి, రెండుగా విడదీస్తారు: హై టీడీఎస్, లో టీడీఎస్. రసాయన చర్యలు జరిగిన రియాక్టర్ల నుంచి వచ్చే చిక్కని నీరు మొదటిది. నేల కడిగిన నీరు, కూలింగ్ టవర్ నీరు రెండోది. హై టీడీఎస్ నీటిలో మిథనాల్ వంటి ద్రావణులు ఉంటాయి, అవి ఆర్వో పొరను దాటిపోతాయని ఇందాక చెప్పాను. అందుకే ముందు స్ట్రిప్పర్ అనే స్తంభంలో వాటిని ఆవిరిగా లాగేసి, తరువాత ఎంఈఈలో మరిగించి, చివరి ముద్దను ఏటీఎఫ్‌డీ అనే ఆరబెట్టే యంత్రంలో పొడి చేస్తారు. లో టీడీఎస్ నీరు బాక్టీరియా తొట్టె, పొరలు దాటి కూలింగ్ టవరుకు తిరిగి వెళుతుంది, దాని రిజెక్టు హై టీడీఎస్‌తో కలుస్తుంది. పొర యాంటీబయాటిక్‌ను బాగానే ఆపుతుంది, అంటే అదంతా రిజెక్టులోకే చేరుతుంది. తిరుప్పూర్ ఉప్పుకు ఒకే పుట్టుక ఉంది కాబట్టి కొనేవాడు దొరికాడు. పటాన్‌చెరు ఉప్పు పది రకాల చర్యల నుంచి, నెలనెలా మారే మందుల నుంచి వస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ కొనరు. అది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లి, ప్లాస్టిక్ పరుపు వేసిన గుంతలో ఉండాలి. అది నీటిలో కరిగే పదార్థం కాబట్టి ఆ గుంతను వాన తగలకుండా ఎన్ని దశాబ్దాలు కప్పి ఉంచాలో మీరే ఊహించుకోండి. రియాక్టరు దగ్గరే వేర్వేరు లవణాలను కలవకుండా విడిగా తీస్తే కొంతైనా అమ్ముడుపోతుందని నా అభిప్రాయం. అది మెంబ్రేన్ అమ్మేవారి చేతిలో ఉన్న పని కాదు, మందు తయారీ పద్ధతిని రాసే రసాయన శాస్త్రవేత్త చేతిలో ఉన్న పని.

మీలో ఎవరైనా రేపు ఉద్యోగరీత్యా గానీ, ఊరి తరఫున కమిటీ సభ్యులుగా గానీ ఇలాంటి ప్లాంటు చూడటానికి వెళితే, గాజు గ్లాసులో నీళ్లు పోసి చూపిస్తారు. చూడండి, అది నిజంగానే మంచి నీరై ఉంటుంది. ఆ తరువాత లాగ్ పుస్తకం అడిగి, ప్లాంటుకు రోజుకు ఎన్ని కిలోలీటర్లు వస్తున్నాయో, వాటి టీడీఎస్ ఎంతో రాసుకుని, రెండూ గుణించండి. తిరిగి వాడుకుంటున్న నీటిలో ఎంత ఉప్పు ఉందో దాన్ని తీసివేయండి. తరువాత గేటు దగ్గరికి వెళ్లి, ఆ నెలలో ఉప్పు సంచుల లారీలు ఎన్ని, ఎన్ని టన్నులతో, ఎక్కడికి వెళ్లాయో నమోదు చూపించమనండి. లెక్క ప్రకారం రోజుకు 6 టన్నులు రావలసిన చోట గేటు పుస్తకంలో 2 టన్నులే కనిపిస్తే, మిగిలిన 4 టన్నులు ఏ బోరుబావిలోకి, ఏ వాగులోకి, ఏ రాత్రి టాంకరులోకి వెళ్లాయని అక్కడే, ఆ గేటు దగ్గరే నిలబడి అడగండి.